ముప్పది రెండు రంగుల కాగితాలు

శింగరాచార్యులవారిని సందేహం అడగాలంటే మా శిష్యబృందానికి కొంత జంకు ఉండేది. వారు కోపగించుకుంటారని కాదు. సమాధానం చెప్పరు; లేచి చెప్పులు తొడుక్కుంటారు. పని జరిగే చోటు చూడనిదే ఆ పనిని గురించి మాట అనరాదని వారి నియమం. ఒకప్పుడు ఒక పద్యంలో నేతగాని ఉపమానం పొసగినదా అని నేను అడిగాను. ఎండవేళ మగ్గాల వీధి దాకా నడిపించి, ఒక మగ్గం ముందు గడియసేపు నిలబెట్టి, పెదవి విప్పకుండా వెనుకకు తీసుకువచ్చారు. ఆ చిరాకు నాకు ఇప్పటికీ పూర్తిగా తీరలేదు.

వారి వద్ద సాయంకాలాలు ప్రబంధం చదువుకునే వకుళ ప్రాథమిక పాఠశాలలో మూడవ తరగతి పంతులమ్మ. ఒకనాడు ఆమె గ్రంథం విప్పకుండానే తన గోడు చెప్పుకున్నది. నీటిపై రంగులు తేలవిడిచి, ఆ చారలను కాగితానికి ఎత్తే విద్యను పిల్లలకు నేర్పుతున్నదట. నేడు దానిని మార్బ్లింగ్ అంటున్నారు. వంటింటి సరుకే చాలు. మెంతులు నానవేసి, రుబ్బి, వడగట్టిన జిగురునీరు పళ్ళెంలో పోయాలి. రంగు మునగక విచ్చుకొనేందుకు రంగులోనే చుక్క కుంకుడురసం కలిపి, ఆ నీటిపై చుక్కలుగా విడవాలి. చీపురుపుల్లతో చారలు తీర్చి, పటికనీరు పూసి ఆరబెట్టిన కాగితాన్ని పైన పరచి ఎత్తాలి. ఇంతే పని. అయినా ఒకడు రంగును ఊదుతాడు. ఒకతె అంటుకున్నదో లేదోనని కాగితాన్ని మధ్యలో ఎత్తి చూస్తుంది. వేరొకడు మెంతినీరు చేదా కాదా అని నాలుకతో పరీక్షిస్తాడు. శనివారం తల్లిదండ్రులు వస్తారు. తరగతిలోని ముప్పది ఇద్దరి పేరిట ముప్పది రెండు కాగితాలు గోడపై ఉండితీరాలని ప్రధానోపాధ్యాయుని ఆజ్ఞ. పది దినాలలో సిద్ధమైనది ఒక్కటే, అది ఆమె చేసి చూపినది.

“తక్కినవి కూడా నేనే చేసి, పిల్లల పేర్లు వ్రాసేస్తాను. పద్ధతి వాళ్ళకు చెప్పనే చెప్పాను కదా. ఇందులో దోషముందా, గురువుగారూ?” అని అడిగింది.

ఆచార్యులవారు బడి ఎన్ని గంటలకు తెరుస్తారని మాత్రం అడిగారు.

మరునాడు నన్ను కూడా వెంటబెట్టుకొని వెళ్ళి, పిల్లల నడుమ నేలపై కూర్చుని, తనకూ ఒక కాగితం ఇమ్మన్నారు. అసలే ఊపిరి సలపని వకుళకు ముప్పది మూడవ విద్యార్థి దొరికాడు. ఆమె నా వంక చూసిన చూపులో ఈయనను ఎందుకు తెచ్చారన్న నింద స్పష్టంగా ఉన్నది. తెచ్చినది నేను కాదని చెప్పే వీలు కూడా లేకపోయింది.

డెబ్బది ఆరేళ్ళ చేతికి వణుకు సహజం. నీలిరంగు తలచిన చోట పడలేదు. ఎర్రరంగులో కుంకుడురసం మరచినందున అది నేరుగా అడుగుకు దిగిపోయింది. నూకరత్నం అనే పిల్ల ఆయన మోచేతి వద్దకు చేరి పెద్దరికం వహించింది.

“అంత గట్టిగా కలపకండి తాతగారూ, బుడగలొస్తాయి. బుడగున్న చోట రంగు అంటదు.”

“వచ్చిన బుడగను ఏం చేయాలమ్మా?”

“పుల్లతో పొడవాలి. ఇన్నేళ్ళొచ్చాయి, ఇదీ తెలీదా మీకు?”

తరగతి అంతా నవ్వింది. తాను చెప్పిన పాఠం పొల్లుపోకుండా ఆ పిల్ల నోట పలుకుతున్న సంగతి వకుళ గమనించలేదు. ఆమె కన్ను గోడగడియారం మీద ఉన్నది.

ఆచార్యులవారు ఒక చార గీసి కళ్ళజోడు తుడుచుకున్నారు. రెండవది సగం గీసి, తల వంచి పరిశీలించారు. అది కమలం కావచ్చు, గుమ్మడికాయ కావచ్చు. ఏమి కానున్నదో ఆయనకే ఎరుక. మూడవ చారకై పుల్ల ఎత్తి, అలాగే ఊరకున్నారు. పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. గంట కొట్టే వేళ దగ్గరపడింది.

“ఇలా ఇవ్వండి,” అంటూ వకుళ ఆయన వ్రేళ్ళ నడుమనుంచి పుల్లను లాగుకున్నది. ఆయన గీసిన దానిపైనే నాలుగు వాటపు గీతలు లాగి, కాగితం పరచి, ఎత్తి, నీటితో కడిగింది. అంతా రెప్పపాటులో ముగిసింది.

గురువు చేతిలోని పనిని శిష్యురాలు లాగుకోవడం చూసి నేను నిర్ఘాంతపోయాను. పిల్లలలో మాత్రం ఒక్కరూ వింతపడలేదు. నూకరత్నం చేతులు వెనుకకు కట్టుకొని, ఎవరూ చెప్పకుండానే ఒక అడుగు ప్రక్కకు జరిగి పంతులమ్మకు చోటిచ్చింది. ఆ జరగడంలో పది దినాల అలవాటు ఉన్నది.

కాగితం నెమలి పురి విప్పినట్లు వచ్చింది. వకుళ దాని అంచు తడిని గుడ్డతో అద్ది, అక్కడ పెన్సిలుతో ముత్యాలకోవ వంటి అక్షరాలలో ఆచార్యులవారి పేరు వ్రాసి, రెండు చేతులా అందించింది. అందిస్తూ అందిస్తూ, తానేమి చేసినదో అప్పుడు తట్టింది కాబోలు, ముఖం వెలవెలబోయింది.

ఆచార్యులవారు దానిని కిటికీ వెలుగులో పట్టి అంచునుంచి అంచుదాకా చూశారు. చాల బాగున్నదన్నారు. పిమ్మట దానిని ఆమె చేతిలోనే తిరిగి పెట్టారు.

“ఇది నీ దగ్గరే ఉంచు తల్లీ. నాది ఆ పళ్ళెంలోనే ఉండిపోయింది.”