లప్పం కింద అరచేయి

"సామీ, నా చేత ఒక తప్పు జరిగింది. దాని మీద పన్నెండేండ్లుగా మంచిపనులు చేస్తానే ఉండాను. ఇప్పుడా తప్పు ఉన్నట్టా, పోయినట్టా?"

మద్దిలేటి ఈ మాట అడిగినప్పుడు బసవలింగయ్యగారు తన పాత అంబాసిడరు చుట్టూ తిరుగుతూ తుప్పు ఎక్కడెక్కడ పట్టిందో చూసుకుంటున్నారు. ఆయన బడిపంతులుగా పనిచేసి రిటైరైనవారు. సాయంత్రాలు ఇంటి వసారాలో పదిమందికి తత్వాలు చెప్పేవారు. ఆ పదిమందిలో ఒకడైన మద్దిలేటి ఒకప్పుడు టాక్సీ నడిపాడు. ఇప్పుడు చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ఊరికే ఆసుపత్రికి చేరుస్తాడని పేరు.

గురువుగారు తుప్పును గోటితో గీకి చూశారు. "వచ్చే వారం దీనికి రంగు వేయించాలప్పా. అంతలోపల ఒళ్ళంతా రుద్ది నున్నగా చేసిపెట్టు" అన్నారు.

మద్దిలేటి మరునాడే పనిలో దిగాడు. బండి కడిగాడు. అద్దాలకు పాత పేపర్లు అంటించాడు. తుప్పు పట్టినచోట రేకు తెల్లగా మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్దాడు. బానెట్ మీద ఎడమవైపు చిన్న పల్లం తగిలితే లప్పం ముద్దతో పూడ్చి, ఆరాక చదును చేశాడు. పెయింటర్లు చేసినట్టే దాని మీద నల్లపొడి పలచగా పూసి, సన్న కాగితంతో పైపైన రుద్దాడు. ఎత్తుగా ఉన్నచోట పొడి పోతుంది, పల్లంలో మాత్రం నలుపు మిగులుతుంది.

నలుపు మిగిలింది. ఒక అరచేయి, నాలుగు వేళ్ళు. చిటికెనవేలు సగమే ఉంది.

అతను ఆ చోట మళ్ళీ లప్పం పెట్టాడు. ఆరబెట్టి, రుద్ది, పొడి పూశాడు. మళ్ళీ అదే చెయ్యి. రెండోరోజూ అంతే. ఎంత లప్పం మింగినా ఆ పల్లం నిండలేదు.

మూడోరోజు మిట్టమధ్యాహ్నం వంగి రుద్దుతుంటే, చేతికింద రేకు రెండుసార్లు అదిరింది. ఎవరో అవతలినుంచి అరచేత్తో కొట్టినట్టు. తలెత్తాడు. పేపర్లు అంటించిన అద్దం వెనక, స్టీరింగు దగ్గర, ఎవరో కదలకుండా కూచున్నట్టు తోచింది. తలుపు లాగి చూశాడు. ఎవరూ లేరు. సీటు వెచ్చగా ఉంది. ఎండకేమో అనుకున్నాడు గాని, బండి నిలిపింది వేపచెట్టు నీడలో.

రంగు వేయవలసిన మస్తాన్ అప్పుడే వచ్చాడు. బానెట్ అంతా తడిమి, "అద్దంలాగుందన్నా! ఇంకేం రుద్దుతావు, రేకు అరిగిపోతాది" అన్నాడు. నల్లగా మిగిలిన చెయ్యి మీదుగానే అతని చెయ్యి పోయింది. అతనికి అది కనబడలేదు.

మస్తాన్ వెళ్ళాక బసవలింగయ్యగారు బయటికొచ్చారు. బానెట్ మీద నల్లటి చెయ్యి దగ్గర వంగి చూశారు.

"ఎవరిది?" అన్నారు.

మద్దిలేటి గరుకు కాగితం కింద పెట్టాడు. నేల మీద కూలబడి చెప్పాడు. పన్నెండేండ్ల కిందట గుండ్లవాగు పొంగిన రోజు, వంతెనకు అవతలి ఒడ్డున ఒకడు భార్యను భుజాన వేసుకుని అడ్డమొచ్చాడు. పాము కరిచిందని అరుస్తూ ఈ చేత్తోనే బానెట్ మీద రెండుసార్లు కొట్టాడు. నీళ్ళు పెరుగుతున్నాయని, ఆగితే తాను దాటలేనని మద్దిలేటి స్టీరింగు తిప్పి పోయాడు. ఆ మనిషి ఎవరో, ఆమె ఏమైందో ఎన్నడూ విచారించలేదు.

"అప్పుడు నేను నడిపింది వేరే బండి సామీ. ఇది కాదు" అన్నాడు.

మరునాడు పొద్దున్నే మద్దిలేటి వాగు అవతలి పల్లెకు పోయాడు. సగం వేలు గుర్తు చెబితే పెద్ద ఓబన్న ఇల్లు చూపించారు. ఓబన్న గుమ్మంలో కూచుని శనక్కాయలు ఒలుస్తున్నాడు. మద్దిలేటి నిలబడే మొత్తం చెప్పాడు. దండం పెట్టడానికి చేతులు లేవలేదు.

ఓబన్న చేతిలోని కాయ ఒలిచి గింజలు పక్కన వేశాడు. "ఆ పొద్దు నాలుగు బండ్లు ఆగలా. ఏది నీదో నాకు తెల్దు. మూడోది పోయేటప్పటికే ఆమె పాణం పోయింది. నాకు తెలీక నాలుగోదాన్ని గూడా కొట్టినా" అన్నాడు. ఆ తరువాత తలెత్తి అతన్ని మొదటిసారి సరిగా చూశాడు. "ఇన్నేండ్లలో వచ్చినోడివి నువ్వొక్కడివే. కూచో."

మద్దిలేటి కూచున్నాడు. పొద్దు వాలేదాకా ఇద్దరూ కాయలు ఒలిచారు. ఓబన్న క్షమించానని అనలేదు, క్షమించమని అతనూ అడగలేదు. భార్య పేరు నాగేశ్వరమ్మ అని మాత్రం ఓబన్న చెప్పాడు.

తిరిగొస్తుంటే మద్దిలేటికి గుండె తేలికైనట్టే అనిపించింది. గురువుగారి ఇల్లు చేరగానే గబగబా బానెట్ మీద పొడి పూసి, సన్న కాగితం అందుకుని రుద్దాడు.

అరచేయి అలాగే ఉంది. సగం చిటికెనవేలూ ఉంది.

అతను వసారా వైపు తిరిగాడు. "వెళ్ళొచ్చినాను సామీ. అంతా చెప్పినాను. అయినా ఇది పోలేదు."

బసవలింగయ్యగారు చదువుతున్న పుస్తకం మూశారు.

"అది పోవాలనేనా వెళ్ళింది?" అన్నారు.