కాకి ముట్టని నాటకం

ఒకానొక రాజ్యంలో, దాన్ని మబ్బుకోట అనేవారు, ఉద్దండవర్మ అనే రాజు ఉండేవాడు. మంచివాడే గాని, మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే రకం. వంశకర్త పోలరాజు పేరెత్తితే చాలు, భోజనం చల్లారిపోతున్నా ఆయన ఉపన్యాసం ఆగేది కాదు.

పోలరాజు ఏ కాలం వాడో ఎవరికీ సరిగ్గా తెలియదు. కోట కట్టకముందు, ఊరు పుట్టకముందు ఉన్నవాడు. కాని ఆయన కథ మాత్రం మబ్బుకోటలో ప్రతి ఆడమనిషికీ వచ్చు. వడ్లు దంచుతూ పాడుకునే పాట అది. శత్రువులు తరుముతుంటే పోలరాజు, ఆయన తమ్ముడు కాచన్న కొండలు పట్టి పరుగెత్తారట. ఏటి దగ్గర కాచన్నకు బాణం తగిలింది. "అన్నా, దాహం" అన్నాడట. "ఉండు, నీళ్లు తెస్తా" అని పోలరాజు వెళ్లాడట. ఇంతలో గుర్రాల చప్పుడు వినిపించింది. ప్రాణభయంతో అటునించి అటే పారిపోయాడు. తర్వాత రాజయ్యాడు, కోట కట్టాడు, కాని బతికినంత కాలం మొదటి గుక్క నీళ్లు నేల మీద ఒంపి గాని తాగలేదట.

ఈ కథను నాటకం ఆడించాలని ఉద్దండవర్మకు బుద్ధి పుట్టింది. అక్కడితో ఆగితే మనకీ కథే లేదు.

భాగవతుల మేళం నడిపే సూరప్ప అనే ముసలాయన నాటకం కట్టి తెచ్చి వినిపించాడు. రాజు పక్కన ఆస్థాన పండితుడు మృత్యుంజయశాస్త్రి కూర్చుని విన్నాడు. విని చెవులు మూసుకున్నాడు.

"వంశకర్త పారిపోవడమా? తమ్ముణ్ణి వదిలేయడమా? పైగా ఏడవడమా? రాజు ఏడవడం శాస్త్రవిరుద్ధం!"

రాజుగారి విదూషకుడు కోనయ్య అక్కడే ఉన్నాడు. "పుట్టినప్పుడు ఏడవకపోతే మంత్రసాని వీపు మీద చరుస్తుంది శాస్త్రిగారూ, రాజబిడ్డనైనా సరే" అన్నాడు.

ఆ మాట ఎవరూ వినలేదు. తమ్ముణ్ణి తీసేశారు. ఏరు తీసేశారు. దాహం తీసేశారు. వాటి బదులు ఏనుగులు పెట్టారు. బంగారు రేకు తొడిగిన రథాలు, ఆకాశం అదిరేలా భేరీలు, పోలరాజు నెత్తిన సూర్యుడంత కిరీటం. ఖజానా సగం అందులోకే పోయింది.

మబ్బుకోటలో ఒక ఆచారం ఉంది. నాటకం నచ్చితే జనం గోల చేయరు. వెళుతూ వెళుతూ ఆడిన చోట చిటికెడు మట్టి తీసి నుదుట పెట్టుకుని పోతారు. మంచి ఆట ఆడిన చోట మోకాటిలోతు గుంట పడుతుంది. ఆ గుంట చూసే మేళానికి మర్యాద.

నాటకం రోజున మైదానం ఇసుక వేస్తే రాలనంతగా నిండింది. ఏనుగులు వచ్చాయి, రథాలు వచ్చాయి, భేరీలు మోగాయి. పోలరాజు పాత్రధారి శత్రువుల్ని పేలాల్లా ఎగరగొట్టాడు. అంతా అయ్యాక రాజు లేచి జనం వైపు చూశాడు.

అంత జనమూ చప్పుడు లేకుండా లేచారు. చప్పుడు లేకుండా నడిచిపోయారు. ఒక్కరూ వంగలేదు. నవ్వూ లేదు, తిట్టూ లేదు, పసిపిల్ల ఏడుపు కూడా లేదు. శవం వెనక నడిచే జనంలా తలలు దించుకుని పోయారు. ఒకామె మాత్రం పక్కామెతో మెల్లగా అంది. "ఏనుగులు బాగున్నాయి వదినా. కాచన్న ఏడీ?"

ఆ వదిన చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వేదిక మీద మట్టి అలికినది అలికినట్టే ఉంది. దాని మీద ఏనుగుల అడుగులు తప్ప మనిషి వేలిముద్ర లేదు. రాజుకు ఆ మట్టిని చూస్తే భయం వేసింది. భయాన్ని ఒప్పుకోలేని పెద్దలు ఏం చేస్తారు? కోపం తెచ్చుకుంటారు. ఈయనా తెచ్చుకున్నాడు.

"సూరప్ప ఏదో మంత్రప్రయోగం చేశాడు ప్రభూ" అన్నాడు శాస్త్రి. "లేకుంటే ఇంత వైభవం చూసి జనం మూగవాళ్లవుతారా?"

"ఐతే వాణ్ణే మూగవాణ్ణి చేద్దాం" అన్నాడు రాజు. "మహాలయ అమావాస్య వెళ్లగానే నాలుక కోయించండి."

సూరప్పను చెరలో పెట్టారు. పాట మీద బతికిన మనిషి. నాలుక పోతే ఇక మిగిలేది చర్మం, ఎముకలే. కోనయ్య చూడటానికి వెళితే ముసలాయన ఒక్క మాటే అడిగాడు. "బాబూ, నేను కట్టిన ఆట ఒక్కసారి ఆడి పోనిస్తారా? కాచన్న అక్కడే ఉండిపోయాడు."

కోనయ్య తిన్నగా రాజు దగ్గరకు వెళ్లాడు.

"ప్రభూ, జనం మాట వదిలేయండి. బతికున్నవాళ్లకు అసూయ ఉంటుంది. ఈ నాటకం ఎవరిది? మీ పెద్దలది. బాగుందో లేదో వాళ్లనే అడుగుదాం."

"చచ్చినవాళ్లను ఎట్లా అడుగుతావు?"

"ఏటా అడుగుతూనే ఉన్నాం కదా. పిండం పెడతాం. కాకి ముడితే తృప్తి పడ్డారంటాం. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందంటాం. ఈ అమావాస్య నాడు రాజులదిబ్బ దగ్గర, మీ పెద్దల పేర పాతిన రాళ్ల ముందు, మిట్టమధ్యాహ్నం నాటకం వేయించండి. ఒక్కో రాయి ముందు ఒక విస్తరి. కాకులు ముట్టాయా, సూరప్ప నాలుక మీది. నా నాలుక కూడా కలిపి కోయించుకోండి."

"ముట్టకపోతే?"

"పెద్దల కోరిక ఏమిటో అడిగి, అది మీరు తీర్చాలి."

శాస్త్రి నవ్వాడు. "కాకి ముట్టడమంటే సాక్షాత్తూ పితృదేవతల వాక్కే. ముట్టక ఏం చేస్తాయి? ఇంత వైభవం స్వర్గంలో కూడా ఉండదు."

"ఆ మాట గుర్తుంచుకోండి శాస్త్రిగారూ" అన్నాడు కోనయ్య.

రాజులదిబ్బ ఊరికి దక్షిణాన ఉంది. అటువైపు గొడ్లు కూడా మేయవు. రాళ్లు వంగిపోయి, ఒకదానికొకటి ఏదో చెప్పుకుంటున్నట్టు ఉంటాయి. అమావాస్య నాడు ఎండ తెల్లగా కాస్తోంది. రాజు పట్టుపంచె కట్టుకుని వచ్చాడు. జనాన్ని దూరంగా బాట మీదే ఆపేశారు.

విస్తళ్లు వేశారు. పిండాలు పెట్టారు. అప్పుడు వచ్చాయి కాకులు.

ఒకటీ అరా కాదు. ఏ దిక్కునుంచి వచ్చాయో తెలియదు. ప్రతి రాయి మీదా, ప్రతి ఎండు కొమ్మ మీదా వాలాయి. కాకి కాకిని చూస్తే అరుస్తుంది కదా, ఇవి అరవలేదు. తలలు పక్కకు వంచి వేదికనే చూస్తున్నాయి.

"మొదలుపెట్టండి" అన్నాడు రాజు.

భేరీలు మోగాయి. కాకులన్నీ ఒక్కసారి లేచి, ఒక్కసారి వాలాయి. ఏనుగులు వచ్చాయి. బంగారు రథం ఎండలో కళ్లు చెదిరేలా మెరిసింది. కాకులు వెనక్కి జరిగాయి. పోలరాజు పాత్రధారి శత్రువుల్ని నరికి, తొడ కొట్టి, సింహాసనం ఎక్కాడు. నాటకం అయిపోయింది.

ఒక్క పిండమూ కదల్లేదు. అన్ని కళ్లు, నల్లగా, గుండ్రంగా, ఇప్పుడు రాజును చూస్తున్నాయి.

"అడగండి ప్రభూ" అన్నాడు కోనయ్య మెల్లగా. "ఏం తక్కువైందో."

రాజు చేతులు జోడించాడు. "పెద్దలారా, ఇంకా ఏనుగుల్ని పెట్టిస్తాను."

కాకులు కదల్లేదు.

"ఈ రాళ్లకు బంగారు తొడుగు చేయిస్తాను."

కదల్లేదు.

"ఊరికొక గుడి కట్టిస్తాను! పోలరాజు పేరు మీదే కట్టిస్తాను!"

గాలి కూడా ఆగిపోయింది. రాజు ముఖాన చెమట ధారలు కట్టింది. శాస్త్రి వైపు తిరిగాడు. "ఏమయ్యా, ఏమంటున్నారు వీళ్లు?"

"అవి... అవి ఉత్త కాకులు ప్రభూ" అన్నాడు శాస్త్రి నీళ్లు నములుతూ.

"నిన్నటిదాకా సాక్షాత్తూ పితృదేవతల వాక్కు" అన్నాడు కోనయ్య. "ఈ ఒక్క పూటలోనే పక్షులైపోయాయా?"

రాజు కోనయ్య చేయి పట్టుకున్నాడు. "ఏం చేయమంటావో చెప్పు."

"ఏనుగుల్ని పంపేయండి. భేరీలు ఆపించండి. ఆ మెరుపులన్నీ తీసేయించి సూరప్పను పిలిపించండి."

సంకెళ్లు విప్పి సూరప్పను తెచ్చారు. వేషం లేదు, రంగు లేదు, కిరీటం లేదు. ముసలాయన ఉత్తరీయం తీసి వేదిక మీద పొడుగ్గా పరిచాడు. ఆ గుడ్డే కాచన్న. దాని పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"తమ్ముడూ, ఉండు. నీళ్లు తెస్తా."

అంతే అన్నాడు. లేచి నాలుగడుగులు వేశాడు. ఆగాడు. ఏదో విన్నవాడిలా తల తిప్పాడు. భేరీ లేదు, గుర్రం లేదు, అయినా బాట మీద జనమంతా గుర్రాల చప్పుడు విన్నారు. ముసలాయన గుడ్డ వైపు చూశాడు, దారి వైపు చూశాడు. పరుగెత్తాడు. పరుగెత్తుతూనే రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. ఆ తర్వాత రాజై కూర్చున్నాడు. చేత చెంబు ఉన్నట్టు పట్టుకుని, మొదటి గుక్క నేల మీద ఒంపాడు. అప్పుడు పాడాడు, ఆడవాళ్లు వడ్లు దంచుతూ పాడే ఆ పాటే. బాట మీదినుంచి ఆడవాళ్ల గొంతులు ఒక్కొక్కటే వచ్చి అందులో కలిశాయి.

ఒక కాకి దిగింది. తర్వాత మరొకటి. ఆపైన అన్నీ నల్లగా నేల మీదికి జారాయి. విస్తళ్ల మీద టకటక ముక్కుల చప్పుడు. చూస్తుండగానే విస్తళ్లన్నీ ఖాళీ అయ్యాయి.

రాజు ఊపిరి పీల్చుకున్నాడు. పీల్చుకున్నవాడు అట్లాగే బిగుసుకుపోయాడు.

ఒక్క కాకి విస్తళ్ల వైపు పోలేదు. వేదిక మీద పరిచిన ఆ ఉత్తరీయం తలవైపు వాలింది. అక్కడ మెతుకు లేదు. అది నోరు తెరుచుకుని రాజు వైపే చూస్తోంది.

ఎవరూ చెప్పకుండానే రాజే తర్పణానికి తెచ్చిన చెంబు తీసుకుని వేదిక దగ్గరకు నడిచాడు. మోకాళ్ల మీద కూర్చున్నాడు. దోసిట్లో నీళ్లు ఒంపుకుని ముందుకు చాచాడు.

"తాతా," అన్నాడు. "నీళ్లు తెచ్చాను. చాలా ఆలస్యమైంది."

కాకి గెంతుతూ వచ్చింది. దోసిట్లో ముక్కు ముంచి, తలెత్తి, గుటక వేసింది. మళ్లీ ముంచింది. దాహం తీరేదాకా తాగి, దక్షిణ దిక్కుగా ఎగిరిపోయింది. దాంతోపాటే మిగతావన్నీ లేచి పోయాయి. రాజు ఏడ్చాడు. శాస్త్రవిరుద్ధంగా, జనమంతా చూస్తుండగా, ఏడ్చాడు.

చాలాసేపటికి కళ్లు తుడుచుకుని కోనయ్యను దగ్గరకు పిలిచాడు. "నిజం చెప్పు. పెద్దలు నిజంగా వచ్చారా?"

"అభయమిస్తే చెబుతాను ప్రభూ. సూరప్పను చెరలో పెట్టిన రోజునుంచి ప్రతి మధ్యాహ్నం ఈ రాళ్ల ముందు నేనే మెతుకులు చల్లాను. కాకులు అలవాటుపడ్డాయి. భేరీ మోగినా, బంగారం మెరిసినా కాకి దిగదు. అన్నీ ఆగిపోతే దిగుతుంది. వడియాలు ఎండబెట్టుకునే ఇల్లాలికి కూడా తెలుసు ఈ సంగతి."

రాజు నోరు తెరిచి చూశాడు. ఆ తర్వాత నవ్వాడు. పొట్ట పట్టుకుని, రాతికి ఆనుకుని నవ్వాడు. "ఓరి దుర్మార్గుడా! ఇంత రాజును కాకుల చేత ఓడించావా!" మెడలోని హారం తీసి కోనయ్య మెడలో వేశాడు. "ఇంకేం కావాలో కోరుకో."

"సూరప్ప నాలుక సూరప్పకే ఇప్పించండి. ఆయన ఆట ఆయన కట్టినట్టే ఆడించండి."

"ఇచ్చాను. ఏటా ఇదే ఆట, ఇక్కడే." రాజు ఇంకా నవ్వుతూనే అన్నాడు. "అయినా గట్టివాడివిరా. ఆ నీళ్లు తాగిన కాకిని ఎట్లా అలవాటు చేశావు?"

కోనయ్య నవ్వలేదు. వేదిక మీది ఉత్తరీయం వైపు చూశాడు.

"దాన్ని నేను ఇంతకుముందు చూడలేదు ప్రభూ. నేను చల్లింది మెతుకులే. నీళ్లు ఏనాడూ పెట్టలేదు." మళ్లీ తనే అన్నాడు. "ఎండకి దాహమేసి ఉంటుంది."

"అంతే, అంతే. ఎండకి" అన్నాడు రాజు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

అప్పటికి జనం బాట దిగి వచ్చేశారు. ఆపమని ఎవరూ చెప్పలేదు. వచ్చినవాళ్లు వచ్చినట్టు వంగి చిటికెడు మట్టి తీసి నుదుట పెట్టుకుని పోతున్నారు. శాస్త్రి కూడా అటూ ఇటూ చూసి వంగాడు. అందరూ వెళ్లాక రాజు గుంటలోకి దిగి, ఉత్తరీయం తలవైపు నీళ్లు ఒలికి ఇంకా తడిగా ఉన్న చోట మట్టి తీసుకున్నాడు.

ఇప్పటికీ ఆ రాజ్యంలో మొదటి గుక్క నేల మీద ఒంపి గాని నీళ్లు తాగరట. కథ దిబ్బ దగ్గరే ఉంటుంది. అలాంటి చోటినుంచి వచ్చేటప్పుడు వెనక్కి చూడకూడదంటారు పెద్దలు. మనమూ చూడకుండా ఇంటికి పోదాం పదండి.