వంకర ప్రశ్న

"పేరు చెప్పకపోతే మనమెవరమో బయటివాడికెలా తెలుస్తుంది మాస్టారూ?" అని తబిత ఒక మధ్యాహ్నం పరాంకుశం గారిని అడిగింది. ఆయన ఏలూరులో తన ఇంటి వరండాలోనే నెట్‌వర్కు భద్రత బోధించేవారు. ఆమె ఆయన దగ్గరే నేర్చుకుని, ఒక పెద్దాసుపత్రిలో డీఎన్ఎస్ సర్వరు చూసుకుంటోంది. ఒక కంప్యూటరు మరోదాన్ని పేరుపెట్టి అడిగితే దాని చిరునామా చెప్పేది ఆ సర్వరే. అది నోరు మూసుకుంటే ఐసీయూకి బ్లడ్ బ్యాంకు కనపడదు. అందులోని సాఫ్ట్‌వేరు పాతది. దానిలో బయటివాడు చొరబడగల ఒక లోపం ఉందని ఆ రంగంలో అందరికీ తెలుసు. మార్చాలంటే కాసేపు ఆపాలి. ఆపడానికి సూపరింటెండెంటు ఒప్పుకోలేదు. అందుకని, ఎవరైనా "నువ్వు ఏ సాఫ్ట్‌వేరువి?" అని అడిగితే అది జవాబివ్వకుండా తబిత కట్టడి చేసింది.

మాస్టారు వాదించలేదు. ఆమె అనుమతి తీసుకుని, తన లాప్‌టాప్ నుంచి ఆ సర్వరుకి ఒక వంకర ప్రశ్న పంపారు. సవ్యమైన కంప్యూటరేదీ అలా అడగదు. సర్వరు తప్పు ఎత్తిచూపింది. ఇంకో ప్రశ్న పంపితే, అందులోని తప్పును అలాగే తిప్పి పంపింది. మరోదానికి ఉలకలేదు, పలకలేదు. ఆయన లాప్‌టాప్ మూసి, సాఫ్ట్‌వేరు పేరూ, అది ఎన్నో వెర్షనో కూడా చెప్పేశారు.

తబిత తన లాప్‌టాప్‌లో ఆ సర్వరు తెరిచి చూసింది. "మీరు దాన్ని పేరు అడగనేలేదు కదా!"

"తికమక పెట్టానమ్మా. తికమకపడటంలో దేని తీరు దానిదే."

అంతలో ఆమె తెరమీద, సర్వరుకొచ్చే ప్రశ్నలు కదులుతున్నచోట, అదే వంకర ప్రశ్న కనిపించింది. "మళ్ళీ పంపారా?" అంది. మాస్టారు తల అడ్డంగా ఊపారు. వెనకే రెండోదీ వచ్చింది. ఎక్కడినుంచో తెలియదు. సర్వరు మాత్రం బుద్ధిగా జవాబిస్తూనే ఉంది.

ఆమె సూపరింటెండెంటుకు ఫోన్ చేసింది. "ఎవడో మన సర్వరు గుట్టు తీస్తున్నాడు, ఆపేస్తున్నాను సార్. వార్డులన్నీ ఫోన్ల మీద నడిపించండి."

"లోపల ఆపరేషన్లు జరుగుతున్నాయమ్మా!"

"అందుకే సార్."

అవతల ఆయన ఎవరినో కేకేసి, వార్డులన్నిటికీ ఫోన్ చేయమన్నారు. తర్వాత "కానివ్వు" అన్నారాయన.

కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కిస్తున్నంతసేపూ ఫోన్లో ఆసుపత్రి కేకలు, పరుగులు వినబడుతూనే ఉన్నాయి. అవి ఆగితే ఎందుకాగాయోనని, ఆగకపోతే ఏమైందోనని తబిత ఒక చెవి అటే పెట్టింది. చివరికి సర్వరు లేచింది. రోగులెవరికీ ఏమీ కాలేదని కబురొచ్చింది. ఆమె తెర వంకే చూస్తూ కూర్చుంది. ఆ ప్రశ్నలు మళ్ళీ రాలేదు.

"వాడెవడో వెళ్ళిపోయినట్టున్నాడు మాస్టారూ," అంది.

మాస్టారు తెర మీంచి చూపు తిప్పలేదు. "మనం ఆపేలోపే జవాబు దొరికినవాడు కూడా అడగడం మానేస్తాడమ్మా," అన్నారు.