బాట దాటించే బ్యాడ్జీ

జీడికొండ అడవిని రెండు ముక్కలు చేస్తూ ఒక బండ్ల బాట పోతుంది. బాటకి ఈ పక్కన చిన్న మడుగు, ఆ పక్కన ఏరు. తాబేలు గవరమ్మ బతుకంతా మడుగులోనే గడిచింది. ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. మడుగులో నీళ్లు బురదయ్యాయి, బురద ఎండి పెచ్చులు కట్టింది, కప్పలు ఎవరికీ చెప్పాపెట్టకుండా మకాం మార్చేశాయి. ఏటికి పోవడం తప్ప తనకింక గతి లేదని గవరమ్మకి అర్థమైంది. తాబేలు నడకకి అది ఒక పూట ప్రయాణం. తెలతెలవారుతుండగా బయలుదేరితే ఎండ నెత్తికెక్కేలోగా చేరిపోవచ్చు. ఆలస్యమైందో, కాలిన ఇసుక మీద తన డిప్పలో తనే ఉడికిపోవాలి.

ఆవిడ వేసుకున్న అంచనాలో తప్పేమీ లేదు. స్కౌటు దళం సంగతి మర్చిపోయిందంతే.

ఆ దళాన్ని నడిపేది నక్క పరదేశి మాస్టారు. అంతకుముందు జీడికొండ పిల్లలకి బ్యాడ్జీలు కావాలంటే పెద్దకొండ దాకా పోవాల్సి వచ్చేది. అక్కడ ముసలి ఏనుగు పరీక్ష పెట్టేది. ఈత అంటే నిజంగానే ఈత, కొండెక్కడం అంటే నిజంగానే కొండ. పిల్లలు మోకాళ్లు కొట్టుకుపోయి ఏడుస్తూ వచ్చేవారు, బ్యాడ్జీ మాత్రం వచ్చేది కాదు. తల్లిదండ్రులకి ఇది బొత్తిగా నచ్చలేదు. పిల్లలకి నేర్పించమన్నారు గానీ కష్టపెట్టమన్నారా?

ఆ మాట పరదేశి మాస్టారి చెవిన పడింది. ఇక దూరాలు పోనక్కర్లేదు, మన చుట్టుపక్కలే బోలెడు అవకాశాలున్నాయి, చూసే కళ్లుండాలంతే అని ఆయన సభ పెట్టి మరీ చెప్పాడు. ఆ మర్నాటి నుంచి పాదం మునగని గుంటలో అటు నుంచి ఇటు నడిస్తే ఈత బ్యాడ్జీ. పుట్ట ఎక్కి దిగితే పర్వతారోహణ బ్యాడ్జీ, అదీ పుట్టలో పాము లేని వేళ చూసుకుని. పొగ కనబడగానే అమ్మ దగ్గరికి పరిగెత్తితే అగ్నిప్రమాద నివారణ. బ్యాడ్జీ అంటే తీగకి గుచ్చిన ఎర్రటి గురివింద గింజ. జీడికొండలో ఏ పిల్ల మెడ చూసినా ఎర్రగా మెరుస్తూ ఉండేది. మాస్టారికి ఏమైనా ఇవ్వమని ఎవరూ అడగలేదు. అయినా గుడ్లో, పీతలో, మాగిన సీతాఫలాలో పట్టుకెళ్లని వాళ్ల పిల్లలు మాత్రం ఎందుకో పరీక్ష తప్పేవారు.

అన్నిట్లోకీ పెద్దది సేవా బ్యాడ్జీ. వయసు మళ్లిన వాళ్లని బండ్ల బాట దాటిస్తే గానీ అది రాదు. వయసు మళ్లిన వాళ్లు ఎక్కడ దొరుకుతారన్నది చిక్కు. కొండచిలువ పెద్దదే గానీ దాని దగ్గరికి పిల్లల్ని పంపడానికి ఏ తల్లీ ఒప్పుకోలేదు. ఎలుగుబంటి తాతని అడిగితే కొట్టాడు. అప్పుడు మాస్టారు కాసేపు ఆలోచించి, మన గవరమ్మ గారున్నారు కదా అన్నాడు. నెమ్మదైన మనిషి, కరవదు, పరిగెత్తదు. స్థానికంగా ఇంతకన్నా మంచి అవకాశం లేదు.

గవరమ్మకి ఈ గౌరవం దక్కిన సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆ పొద్దున ఆవిడ బాట దాటేసి, ఏటి వైపు వాలు దిగబోతుండగా కోతిపిల్ల గంగులు చెట్టు మీంచి దూకాడు. బాట దాటిస్తానన్నాడు. ఇప్పుడే దాటాను నాయనా అని గవరమ్మ నవ్వుతూ చెప్పింది. గంగులు ఆ జవాబు విన్నట్టే లేదు. రెండు చేతులా ఆవిడని ఎత్తుకుని బాటకి ఇవతల, మడుగు పక్కన దింపి, సెల్యూట్ కొట్టి, బ్యాడ్జీ కోసం పరుగు తీశాడు.

కుర్రచేష్ట అనుకుంది గవరమ్మ. మళ్లీ నడిచింది. ఈసారి బాట మధ్యకి వచ్చేసరికి అడవిపంది పిల్ల బండోడు ఎదురయ్యాడు. వాడు మాటలు పెట్టుకునే రకం కాదు. ముట్టెతో నెట్టుకుంటూ పోయి దగ్గర్లో ఉన్న అంచుకి చేర్చాడు. అది ఆవిడ వచ్చిన అంచే. మూడోసారి కుందేలు పిల్ల చిలకమ్మ వచ్చింది. తాబేలుని మోసే సత్తువ లేక తోసింది. తోసేసరికి గవరమ్మ వెల్లకిలా పడింది. అలా పడటమే సులువుగా ఉందని చిలకమ్మా, తోబుట్టువులూ కలిసి ఆవిడని పడవ లాగినట్టు మళ్లీ మడుగు వైపుకే లాక్కుపోయారు. పక్కన తల్లి కుందేలు నిలబడి, దుప్పి వాళ్ల పిల్లకి అప్పుడే తొమ్మిది బ్యాడ్జీలొచ్చాయట, త్వరగా కానివ్వండి అని తొందరపెడుతోంది.

ఎండ ఎక్కుతోంది. గవరమ్మ మెడ చర్మం బిగుసుకుపోతోంది. ఇలా కాదని కాళ్లూ తలా లోపలికి లాగేసుకుని రాయిలా కూర్చుంది. రాయిని ఎవరు దాటిస్తారు అనుకుంది. పిల్లలు వెళ్లి అడిగితే మాస్టారు, పెద్దవాళ్లు ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంటే అది ప్రథమ చికిత్స కిందికొస్తుంది, దానికి వేరే బ్యాడ్జీ ఉందని చెప్పాడు. వాళ్లు తిరిగొచ్చి ఆవిడ డిప్పకున్న కంతలన్నిట్లో ఆకులు కుక్కి, తీగలతో కట్లు కట్టారు. అవి నోటితో కొరికి తెంపుకునేసరికి గవరమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి పరదేశి మాస్టారే పరామర్శకి వచ్చాడు. ముందు రోజు ఎవరో ప్రాణమున్న పీతని తెచ్చిస్తే అది ఆయన ముంగాలు పట్టుకుందట, కొద్దిగా కుంటుతున్నాడు. గవరమ్మ ఆయనకి మర్యాదగానే చెప్పుకుంది. మడుగు ఎండిపోయింది, నీళ్లు లేకపోతే తను బతకదు, పిల్లలందరూ కలిసి ఒక్కసారి ఏటి దాకా మోసుకెళ్తే వాళ్ల సరదా తీరుతుంది, తన ప్రాణమూ దక్కుతుంది.

మాస్టారు నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు.

"మీరు ఏట్లోకి వెళ్లిపోతే ఈ పిల్లల భవిష్యత్తు ఏం కావాలండీ? ఈ జట్టు అయ్యాక వీళ్ల తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉన్నారు. వానలు పడేదాకా కాస్త సహకరించండి."

"వానలదాకా నేనుండను నాయనా."

"అంత మాట అనకండి. మీలాంటి వాళ్లు నిండు నూరేళ్లు ఉండాలి."

పోనీ తను వద్దంటే మానమనైనా పిల్లలకి చెప్పమని గవరమ్మ బతిమాలింది. మాస్టారు తల అడ్డంగా ఊపాడు. పెద్దవాళ్లు మొహమాటం కొద్దీ వద్దంటారని, అది పట్టించుకోవద్దని పిల్లలకి తనే నేర్పాడట. వద్దన్నకొద్దీ చేసేదే అసలు సేవ అని తమ దళం సూత్రమట. ఆ సూత్రం తను స్వయంగా రాసిందని రెండుసార్లు చెప్పాడు కూడా. తర్వాత ఆయన కుంటుకుంటూ పోయి, నేరేడు చెట్టు నీడలో, భోజనం బరువెక్కినవాడిలా నడుం వాల్చాడు.

గవరమ్మకి ఒళ్లు మండింది. ఇన్నేళ్లలో ఆవిడ ఎవరితోనూ గొడవ పడలేదు. అడ్డం వస్తే పక్కకి తప్పుకుని పోవడమే ఆవిడకి తెలిసిన విద్య. ఈ రోజు తప్పుకోవడానికి పక్కే మిగల్లేదు. అల్లంత దూరాన ఏటి నీళ్ల తళుకు కనబడుతోంది. నాలిక ఎండిపోయింది. ఇంకో రెండు సార్లు దాటిస్తే ఇక దాటించడానికి డిప్ప మాత్రమే మిగులుతుంది.

ఆవిడ నీడలో పడుకున్న మాస్టారిని కాసేపు చూసింది. నెరిసిన మీసాలు, వాచిన కాలు, తెరిచిన నోరు. అప్పుడు బండోడినీ గంగులునీ చిలకమ్మనీ దగ్గరికి పిలిచింది.

"ఏరా, మీ మాస్టారికి వయసెంతుంటుంది?"

మాస్టారికి వయసుంటుందని పిల్లలకి ఎప్పుడూ తోచలేదు.

"ఆ మీసాలు చూశారా? ఆ కుంటు నడక చూశారా? ఆయన బొరియ బాటకి అవతలే కదా. పాపం, రోజూ ఆ కాలితో ఒక్కడే దాటుతున్నాడు. ఒక్కరైనా చెయ్యందించారా?"

"మాస్టారు ఎప్పుడూ అడగలేదు మామ్మా," అన్నాడు గంగులు.

"ఎలా అడుగుతారు నాయనా? పెద్దవాళ్లకి మొహమాటం. అయినా నాదేముంది, నన్ను దాటిస్తే అందరికీ వచ్చే బ్యాడ్జీయే. మాస్టారంతటి వారిని దాటిస్తే..."

ఆవిడ అక్కడ ఆపేసి కళ్లు మూసుకుంది. మిగతాది చెప్పాల్సిన పని లేకపోయింది. పిల్లల కన్నా ముందు, పక్కనే నిలబడి వింటున్న తల్లులకి అర్థమైంది. అప్పటిదాకా చప్పట్లు కొడుతున్న తల్లి కుందేలు, ఎలుగుబంటి పిల్లకి తెలిసేలోగా వెళ్లమని కూతుర్ని వీపు మీద చరిచింది.

పరదేశి మాస్టారు కళ్లు తెరిచేసరికి గాల్లో ఉన్నాడు. ముందు కాళ్లు గంగులు చేతుల్లో, వెనక భాగం బండోడి ముట్టె మీద, తోక చిలకమ్మ తోబుట్టువుల వశంలో. వద్దురా అన్నాడు. వద్దంటున్నారు, మొహమాటం అని పిల్లలు ఒకరికొకరు చెప్పుకున్నారు. దింపమని కసిరాడు. దింపారు, బాటకి అవతల. దింపినవాళ్లు దింపుతుండగానే తర్వాతి జట్టు అందుకుని ఇవతలికి తెచ్చింది. ఆయన పళ్లు చూపించి గుర్రుమన్నాడు. ఈ వయసులో చాదస్తం మామూలే, మా అత్తగారూ అంతే, మీరేం పట్టించుకోకండి అని కోతి తల్లి పిల్లలకి ధైర్యం చెప్పింది. ఒకసారి పట్టు తప్పించుకుని కుంటుతూ పరిగెత్తాడు గానీ, మాస్టారు ఒంటరిగా బాట దాటబోతున్నారని కేక పెట్టి దళమంతా వెంటపడింది. క్రమశిక్షణ విషయంలో ఆ దళాన్ని వేలెత్తి చూపడానికి లేదు. అన్నీ ఆయన నేర్పినట్టే చేశారు.

ఆ సందట్లో గవరమ్మ నడిచింది. బాట మట్టి పెనంలా కాలుతోంది. ఒక్కో అడుగుకీ పాదం అంటుకుంటోంది. వెనక్కి చూడలేదు. చూసే ఓపిక లేదు, చూడక్కర్లేకుండా మాస్టారి గొంతు ఎలాగూ వినబడుతోంది. బాట దాటి వాలు దగ్గరికి చేరేసరికి కళ్లు చీకట్లు కమ్మాయి. దిగడానికి కాళ్లు రాలేదు. అప్పుడు కాళ్లూ తలా లోపలికి లాక్కుని ఒక్కసారి వాలు మీద వదిలేసుకుంది. రాళ్ల మీద దొర్లి దొర్లి, ధభీమని ఏట్లో పడింది.

చల్లటి నీళ్లు మెడ చుట్టూ తాకగానే ఆవిడకి ఏడుపొచ్చింది. నీళ్లలో కాబట్టి ఎవరికీ కనబడలేదు.

సాయంత్రం జరిగిన సభ సంగతి నీటికోడి వచ్చి చెప్పింది. పిల్లలందర్నీ వరసగా నిలబెట్టి తల్లిదండ్రులు మాస్టారి ముందు కూర్చున్నారట. మాస్టారి ఒంటి మీద సగం బొచ్చు లేదట. అడవిపంది తల్లి లేచి సూటిగా అడిగిందట, మా వాడు మిమ్మల్ని దాటించాడా లేదా అని.

మాస్టారు ఇరుకున పడ్డాడట. దాటించలేదు, అది నా ఇష్టానికి విరుద్ధంగా జరిగింది అంటే, పిల్లల మెడల్లో ఇన్నాళ్లూ వేసిన సేవా బ్యాడ్జీలన్నీ ఏమవుతాయి? తిన్న సీతాఫలాల మాటేమిటి? ఎదురుగా ఉన్నది అడవిపంది, దానికి ఓపిక తక్కువ. దాటించాడంటే మాత్రం, తను ఆసరా లేనిదే బాట దాటలేని ముసలివాడినని తన నోటితో తనే ఒప్పుకున్నట్టు. ఆయన చివరికి, దాటించాడు, చాలా బాగా దాటించాడు అన్నాడట.

అందరూ సంతోషించారు. గురివింద గింజలు మెడల్లో పడ్డాయి. సభ ముగిసే వేళకి అడవిపంది తల్లి మళ్లీ లేచి, "మా రెండోవాడిని రేపు పొద్దున్నే పంపుతాను మాస్టారూ, మీరు ఎక్కడికీ పోకండి," అందట. ఆ వెనక కుందేలు తల్లి తన పిల్లల్ని లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టిందట. కుందేళ్లకి పిల్లలు ఎందరుంటారో తెలిసిందే.

మాస్టారు బొరియలో దాక్కుని చూశాడు. తవ్వి తీస్తే దానికీ ఒక బ్యాడ్జీ ఉండాలని పిల్లలే తీర్మానించుకున్నారు. ఏనుగు దగ్గరికి పోయి చదువుకోండర్రా అని ఆయన చేతులెత్తి మొక్కాడు కూడా. అంత దూరం దేనికండీ, ఇక్కడే ఇంత అవకాశం ఉండగా అని తల్లులు ఒప్పుకోలేదు.

కొన్నాళ్లకి ఏటికి కొత్తగా ఒక కొంగ వలస వచ్చింది. పొద్దు పొడుస్తూనే బాట వైపు నుంచి వచ్చే గోల విని ఉలిక్కిపడి, అక్కడేం జరుగుతోందని గవరమ్మని అడిగింది. గవరమ్మ రాతి మీద మెడ చాచుకుని ఎండ కాచుకుంటోంది.

"ఏం లేదమ్మా, బడి నడుస్తోంది," అని చెప్పి నెమ్మదిగా నీళ్లలోకి జారుకుంది.

ఎక్కడికి పోవాలో అడగకుండా చేసే సాయం చేసినవాడి మెడలో మెరుస్తుంది, చేయించుకున్నవాడి మెడకి చుట్టుకుంటుంది.