నీలికుండ నాంచారమ్మ మనవరాలు

అనగనగా సముద్రపు గాలి తగిలే ఒక మగ్గాల ఊళ్ళో, నాంచారమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ నూలుకి రంగులద్దేది. ఆవిడ అద్దిన ఎరుపు, చీర చిరిగిపోయినా వెలిసేది కాదు. మోచేతులదాకా చేతులెప్పుడూ ఎర్రగానే ఉండేవి. ఊ కొడుతున్నావా బుజ్జీ? ఆఁ, అలా కొట్టు.

నాంచారమ్మ మంచిదే, కాస్త మొండిది. ఒంటి రంగు నలుపు. చిన్నప్పుడు తోటిపిల్లలు నీలిమందు కలిపే కుండతో పోల్చి "నీలికుండా, నీలికుండా" అని ఏడిపించేవాళ్ళు. పెళ్ళయ్యాక అత్తింటివాళ్ళూ అదే పేరు పెట్టి పిలిచారు. పైకి నవ్వేసేది గానీ, లోపల చాలా బాధపడేది పాపం.

ఆవిడకి ఒక్కడే కొడుకు. కోడలి పేరు తులశి, తల్లి లేని పిల్ల. తులశి నెల తప్పింది. అప్పుడు నాంచారమ్మ, "పురుడు నేనే పోస్తాను, పుట్టింటికి పంపేది లేదు," అని చెప్పేసింది.

అప్పుడే ఆవిడకి ఒక ఆలోచన వచ్చింది. తొట్టిలో ఏ రంగు కలిపితే నూలు ఆ రంగే కదా తేలుతుంది! కడుపూ అంతే అనుకుంది. తల్లి తెల్లటివి తింటే బిడ్డ తెల్లగా పుడుతుంది, నల్లటివి తింటే నల్లగా పుడుతుంది అని తేల్చేసింది. పుట్టిందగ్గర్నుంచీ రంగుల్లోనే చేతులు పెట్టిన మనిషి, ఇంకెలా ఆలోచిస్తుంది చెప్పు?

ఇక చూడు. తులశికి తెల్లన్నం, మజ్జిగ, సొరకాయ. అంతే! పెరట్లో మునగచెట్టు ఉన్నా ఆకు ముట్టనిచ్చేది కాదు. గుడ్డు పెడితే పచ్చసొన తీసేసి పెట్టేది. చేపలమ్మి వస్తే బుట్ట దించనిచ్చేది కాదు. పుట్టబోయే బిడ్డని ఎవరూ నీలికుండ అనకూడదని ఆవిడ తపన. ప్రేమే బుజ్జీ. కాకపోతే తెలివితక్కువ ప్రేమ.

పొట్ట పెరుగుతున్నకొద్దీ తులశి తీరు మారింది. పగలంతా బాగానే ఉండేది. పొద్దుగూకితే చాలు, తడబడేది.

ఒక సాయంత్రం మజ్జిగ కుండ తన్నేసింది. "చూసుకోవద్దటే అమ్మాయ్!" అని కసిరింది నాంచారమ్మ. ఆ తర్వాత ఇంకో సాయంత్రం ఎర్ర నూలు చిలపల మధ్య, అంటే నూలు కట్టల మధ్య, నల్ల చిలప పెట్టి కట్టేసింది. "పరధ్యానం ఎక్కువైంది ఈ పిల్లకి," అని సణిగింది.

మూడోసారి ఏమయిందో తెలుసా? పొయ్యి మీంచి అప్పుడే దించిన రంగు కాగు పెరట్లో పొగలు కక్కుతోంది. తులశి చేతులు చాచుకుంటూ నేరుగా దాని మీదికే నడిచింది. నాంచారమ్మ పరిగెత్తి జడ పట్టుకుని వెనక్కి లాగింది.

"కళ్ళెక్కడ పెట్టుకున్నావే?" అని అరిచింది.

"నువ్వెక్కడున్నావత్తా?" అంది తులశి గాల్లో తడుముకుంటూ.

అత్త ఎదురుగానే ఉంది, చెయ్యి చాస్తే అందేంత దూరంలో. నాంచారమ్మ కోడలి చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించుకెళ్ళింది.

తెల్లారగానే ఆస్పత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ చూసి రేచీకటి అంది. "ఏం పెడుతున్నారమ్మా ఈ పిల్లకి?" అని అడిగింది. నాంచారమ్మ ఏదో ఘనకార్యం చేసినట్టు అంతా చెప్పింది. డాక్టరమ్మ తల పట్టుకుంది.

"కంటికి కావలసిన సత్తువ ఆకుకూరల్లో, గుమ్మడిపండులో, పచ్చసొనలో, చేపల్లో ఉంటుందమ్మా. కడుపులో బిడ్డకి కళ్ళు తయారయ్యేదీ తల్లి తిన్నదాంట్లోంచే. తల్లికే లేకపోతే బిడ్డకెక్కడ్నుంచి వస్తుంది?"

"మరి... బిడ్డ కళ్ళు?" అని అడిగింది నాంచారమ్మ.

"పుట్టాక చూస్తేగానీ చెప్పలేం. ఈ పూట నుంచైనా పెట్టండి," అని డాక్టరమ్మ మందు రాసిచ్చింది.

మందు వేసింది గానీ, ఆకుకూర దగ్గరికొచ్చేసరికి నాంచారమ్మకి చెయ్యి ఆడలేదు. ఆలోచించుకుంటూ వెళ్ళి పని ముందు కూర్చుంది. ఎరుపు అద్దేముందు నూలుని నువ్వులనూనె కలిపిన బూడిదనీళ్ళలో మళ్ళీ మళ్ళీ నానబెట్టాలి. తులశి వచ్చి పక్కన కూర్చుంది.

"అత్తా, బూడిదనీళ్ళు తాగిన నూలు బూడిద రంగులో వస్తుందా?"

"ఎందుకొస్తుందే పిచ్చిదానా?"

"మరెందుకు తాగిస్తావు?"

"తాగకపోతే దానికి ఎరుపు పట్టదు. ఇది రంగు కోసం కాదే, బలం కోస..."

నాంచారమ్మ కోడలి పొట్ట వంక చూసింది. చేతిలో చిలప చేతిలోనే ఉండిపోయింది. కళ్ళమ్మట నీళ్ళు జలజలా రాలాయి.

అప్పుడు లేచి మునగాకు కోసుకొచ్చింది. నువ్వులనూనెలో కమ్మగా వేయించి, తనే కలిపి ముద్దలు పెట్టింది. ఆ తర్వాత గుమ్మడిపండు ముక్కలు వండింది. ఆ తర్వాత చేపలమ్మిని కేకేసి పిలిచి బుట్ట దింపించింది. "నల్లగానే పుట్టనీ తల్లీ, చూపుంటే చాలు," అని పొయ్యి ముందు కూర్చుని రోజూ అనుకునేది.

కొన్నాళ్ళకి, దీపం పెట్టేవేళ తులశి అత్త మొహం వంక చూసి, "అత్తా, నీ ముక్కుపుడక మెరుస్తోంది," అంది. నాంచారమ్మ కోడల్ని కావలించుకుని భోరుమంది. కానీ లోపల బిడ్డ సంగతి ఎవరికి తెలుసు?

ఆ తర్వాత ఆడపిల్ల పుట్టింది. నల్లగా, నిగనిగలాడుతూ, అచ్చం నాయనమ్మలాగే! చూడ్డానికొచ్చినవాళ్ళు రంగు గురించి ఏదో గొణిగారు. నాంచారమ్మకి అవేవీ వినబడలేదు. ఆవిడ పాప కళ్ళే చూస్తోంది. పసికందు కళ్ళు ఒకచోట నిలిస్తేగా!

వారాలు గడిచాయి. ఒకనాడు సందెవెలుగులో నాంచారమ్మ, తానద్దిన ఎర్ర చిలప ఒకటి పాప మొహం ముందు అటూ ఇటూ ఊపింది. పాప కళ్ళు అటు తిరిగాయి. ఇటు తిరిగాయి. ఆ తర్వాత చిలపని వదిలేసి మెల్లగా పైకొచ్చి, నాయనమ్మ మొహం మీద ఆగాయి. ఆ నల్లటి మొహాన్నే రెప్ప వెయ్యకుండా చూసి చూసి, పాప బోసినోటితో నవ్వింది.

"తులశీ! నన్నే చూస్తోందే! నన్ను చూసే నవ్వుతోందే!" అని నాంచారమ్మ ఇల్లంతా వినబడేలా అరిచింది. తన మొహం చూసి అంత మురిసిపోయిన మనిషిని ఆవిడ పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు చూడటం.

ఏం బుజ్జీ, ఊ ఆగిపోయిందే? సరే మరి.

కథేమో నడిచిపోయె కంచికి,
మనమేమో వచ్చేశాం ఇంటికి,
నిద్దరేమో దిగింది కంటికి,
దుప్పటొకటి చాలు మనిద్దరికి.