నోటికాడి మనిషి

జోగయ్య మేస్త్రిని ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరకదు, పని దొరుకుతుంది. ఈ సంగతి ఆ పంచదార ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. అందుకే ఆయన దగ్గర పని నేర్చుకునేవాళ్ళు ఆచితూచి అడిగేవారు. తెలివైనవాళ్ళు అసలు అడిగేవారే కాదు.

తవిటినాయుడు మాత్రం అడిగాడు. అడగకుండా ఉండలేకపోయాడు.

చెరుకు ఆడటం ఆగిపోయాక, ఎండాకాలంలో ఫ్యాక్టరీని విప్పి కడుగుతారు. యంత్రాలయ్యాయి, గొట్టాలయ్యాయి, చివరికి మొలాసిస్ గొయ్యి మిగిలింది. పంచదార తీసేశాక మిగిలే నల్లటి పాకాన్ని నిలవ ఉంచే గొయ్యి అది. పైన ఒక్క మనిషి పట్టేంత నోరు, లోపల చీకటి, అడుగున పులిసిన మడ్డి. ఆ మడ్డిని కదిపితే లేచే గాలి కంటికి కనబడదు. రెండు గుక్కలు పీలిస్తే ఎంతటి వస్తాదైనా కూలబడవలసిందే. ఒకడు పడతాడు. వాణ్ణి తీద్దామని ఇంకొకడు దిగుతాడు. ఆ ఇద్దరి కోసం మూడోవాడు. ఇలాంటి గోతుల్లో పోయినవాళ్ళలో పనికి దిగినవాళ్ళ కంటే, ప్రాణం కాపాడదామని దిగినవాళ్ళు తక్కువేమీ కాదు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర భద్రత గురించి పెద్ద బోర్డొకటి ఉండేది. ఏటేటా రంగు వేయించేవారు. అయితే ఆ బోర్డు చెయ్యి చాచి ఎవరినీ ఆపిన దాఖలా లేదు. జోగయ్య మేస్త్రికి బోర్డుల మీద కోపం లేదు గానీ, నమ్మకమూ లేదు. ఆయన తన పద్ధతి తాను పెట్టుకున్నాడు. లోపలికి దిగేవాడి ఒంటికి బెల్టు, బెల్టుకు తాడు, పైన మూడుకాళ్ళ ఇనప చట్రం, ఆ తాడును చేత్తో తిప్పి పైకి లాగే వించి, ఇవన్నీ అంతటా ఉండేవే. గొయ్యి నోటి దగ్గర కాపలా నిలబడేవాణ్ణి కూడా కట్టెయ్యడం మాత్రం ఒక్క జోగయ్య మేస్త్రి దగ్గరే ఉండేది. పనివాళ్ళు వాణ్ణి నోటికాడి మనిషి అనేవారు. వాడి నడుముకు తాడు బిగించి, రెండో కొస వెనక ఉన్న ఇనప గుంజకు కట్టేవారు. ముడి వాడి వీపు వెనక, వాడి చెయ్యి అందని చోట పడాలి. జేబులో చాకు ఉంటే ముందే తీసి పక్కన పెట్టాలి. ఆ తాడు వించి దాకా వస్తుంది, పిలుపు గంట దాకా వస్తుంది, గొయ్యి నోటి దాకా మాత్రం రాదు.

కొత్తవాళ్ళకు ఇది నవ్వులాటగా ఉండేది. కట్టేసినవాడి ముందు గుప్పెడు గడ్డి వేసి పోయేవారు. మేనేజరుగారికీ ఇది నచ్చలేదు. చూడవచ్చినవాళ్ళ ముందు మనిషిని గేదెలా కట్టెయ్యడం కంపెనీకి అప్రతిష్ట అన్నాడు. మేస్త్రి తలూపాడు. మర్నాడు కూడా కట్టాడు.

ఆ ఏడు పని మొదలుపెట్టే ముందు అందరినీ కూర్చోబెట్టి మేస్త్రి ఒక్క మాట చెప్పాడు. "నోటికాడి మనిషి దిగకూడదు. దిగితే మనం రెండో పాడె కట్టుకోవాల. అంతే."

తవిటినాయుడి ముఖం మాడిపోయింది. రెండేళ్ళ కిందట వాళ్ళ అన్న లచ్చన్న ఇంకో ఊరి ఫ్యాక్టరీలో అచ్చంగా ఇలాంటి గోతి దగ్గర నోటికాడి మనిషిగా నిలబడ్డాడు. లోపలివాడు పడిపోతే దూకాడు. ఇద్దరి శవాలూ ఒకే ట్రాక్టరులో వచ్చాయి. ఇంటికి వచ్చినవాళ్ళంతా తల్లితో ఒకటే మాట అన్నారు, నీ కొడుకు ఇంకొకడి ప్రాణం కోసం తన ప్రాణం ఇచ్చాడు అని. ఆ మాట పట్టుకునే ఆమె మళ్ళీ అన్నం తినడం మొదలుపెట్టింది. ఆ మాట పట్టుకునే తవిటినాయుడు మళ్ళీ ఫ్యాక్టరీ పనికి వచ్చాడు. ఇప్పుడు మేస్త్రి దాన్ని పాడె లెక్కలో వేసేశాడు.

అందరూ లేచి వెళ్ళాక తవిటినాయుడు మేస్త్రి ఎదుట నిలబడ్డాడు.

"మా అన్న సేసింది తప్పంతారేటి మేస్త్రీ? కళ్ళముందు మనిషి సచ్చిపోతంటే ఒడ్డునుంచి సూస్తా ఉండడం, అదేటి ధర్మం?"

మేస్త్రి కోప్పడలేదు, ఓదార్చలేదు.

"రేపు నోటికాడ నువ్వే ఉండు," అన్నాడు.

మర్నాడు పొద్దున్న గోతిలోకి గాలి కొట్టారు. విషగాలి ఉంటే చూపించే మీటరు దింపి చూశారు. అంతా బాగుందని తేలాక గంగులు దిగాడు. గంగులు, తవిటినాయుడు ఒకే క్యారేజీలో అన్నం తినేవాళ్ళు. లోపల ఉన్నవాడు ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలని మేస్త్రి ఆజ్ఞ. గంగులు మాట్లాడటానికి బదులు భజన పాడేవాడు. ఆ గొంతు వింటే దేవుడు కూడా లేచిపోతాడని అందరూ వేళాకోళం చేసేవారు.

మేస్త్రి స్వయంగా తవిటినాయుణ్ణి గుంజకు కట్టి, మొలలోని చాకు తీసుకుని, గంట మోగితే వినబడేంత దూరంలో రెండో జట్టు దగ్గరకు వెళ్ళాడు. తవిటినాయుడు పళ్ళు కొరుకుతూ నిలబడ్డాడు. మా అన్న బతికుండి ఇది చూస్తే నవ్వేవాడు అనుకున్నాడు.

ఎండ ఎక్కుతుండగా భజన మధ్యలో ఆగిపోయింది.

తవిటినాయుడు పేరు పెట్టి పిలిచాడు. పలుకు లేదు. మెడ చాచి చూస్తే, లోపలి దీపం వెలుగులో గోతి మూల గట్టిపడిన మడ్డి పెళ్ళ పగిలి ఉంది. గంగులు దాని మీద బోర్లా పడి ఉన్నాడు. ఆ క్షణాన తవిటినాయుడికి మేస్త్రి మాట గానీ, పాడె గానీ, ధర్మం గానీ ఏదీ గుర్తుకు రాలేదు. దూకాడు. తాడు నడుము పట్టుకుని గుంజింది. నోటికి జానెడు దూరంలో మోచేతుల మీద పడ్డాడు. లేచి మళ్ళీ ఉరికాడు. తాడు మళ్ళీ లాగింది. చాకు కోసం మొల తడుముకున్నాడు, అది లేదు. వీపు వెనక ముడి కోసం చేతులు విరుచుకున్నాడు, అందలేదు.

"నీ జిమ్మడిపోనూ, మేస్త్రీ!" అని గొంతు చించుకుని అరిచాడు. ఏడుస్తూ ఇంకా చాలా అన్నాడు. అవి ఇక్కడ రాయదగినవి కావు.

అందని చోటికి ఎంత గింజుకున్నా అందలేదు. అప్పుడు అందేవి కనబడ్డాయి. గంట తాడు లాగాడు. వించి పట్టుకున్నాడు. తిడుతూనే తిప్పాడు, ఏడుస్తూనే తిప్పాడు. నల్లటి మడ్డి ఓడుతూ ముందు గంగులు భుజాలు, తరవాత వేలాడుతున్న తల గొయ్యి నోట్లోంచి పైకి వచ్చాయి. అప్పటికి జనం పరుగెత్తుకు వచ్చారు. గాలి తగిలే చోటికి మోసుకుపోయి ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. కాసేపటికి గంగులు దగ్గాడు, కక్కాడు, కళ్ళు తెరిచాడు. ఆసుపత్రికి తీసుకుపోతుంటే, గోతిలో జారిపోయిన కొత్త బూట్ల గురించి అడిగాడట.

గాలి కొట్టే గొట్టం ఆ మూల దాకా పోలేదని, విషగాలి పెళ్ళ కింద దాక్కుని ఉందని తరవాత తేలింది. గొట్టం పొడవు చూసుకోవడం తన పని అని, చూసుకోలేదని మేస్త్రి మేనేజరు ముందు ఒప్పుకున్నాడు. పని ఆపించి పెద్ద గొట్టం తెప్పించాడు.

గంగులు బతికాడు. ఊరంతా తవిటినాయుణ్ణి మెచ్చుకుంది. అతనికి మాత్రం ముద్ద మింగుడు పడలేదు. తాడు కట్టబట్టే గంగులు బతికాడు, తనూ బతికాడు. అంటే మేస్త్రి మాటే నిజం, అన్న చేసింది తప్పే. ఆ సంగతి ఇంటికి పోయి తల్లికి ఏ ముఖంతో చెప్పాలి?

"మిమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టినాను," అన్నాడు మేస్త్రితో, తల ఎత్తకుండా.

"ఇన్నానురా. గంటకన్నా ముందు అదే ఇనిపించినాది," అన్నాడు మేస్త్రి.

కొత్త గొట్టం వచ్చాక మిగిలిన మూల శుభ్రం చెయ్యాల్సి వచ్చింది. తాను దిగుతానని తవిటినాయుడు ముందుకు వచ్చాడు. మేస్త్రి గొట్టాన్ని మూల దాకా దింపించాడు. మీటరును అడుగు దాకా దింపి తానే చూశాడు. బెల్టు ప్రతి కట్టూ లాగి చూశాడు. నోటికాడ ఎవరుంటారని ఎవరో అడిగితే, నేనే అన్నాడు.

మొలలోని చాకు తీసి పక్కవాడికి ఇచ్చాడు. గుంజ దగ్గరకు పోయి, తాడు తవిటినాయుడి చేతికిచ్చి, వీపు తిప్పి నిలబడ్డాడు.

"కట్టు. ముడి ఎనకాల ఎయ్యి. నా సెయ్యి అందకూడదు."

తవిటినాయుడు నివ్వెరపోయాడు. గోతి దగ్గర తల నెరిసిన మనిషి ఆయన. ఈ పద్ధతి పెట్టినవాడే ఆయన.

"మీకెందుకు మేస్త్రీ? దిగకూడదని మీకు తెలుసు గదా."

మేస్త్రి వెనక్కి తిరగలేదు.

"ఎవుడో దిగితే తెలుసురా. ఇయ్యాల దిగేది నువ్వు."