బీరపీచు ఆసనం

పోయినేడు గురవప్పను కొండ కొసదాకా ఎక్కనివ్వకుండానే వెనక్కి పంపేశారు. ఆ అవమానం ఏడాది పొడుగునా వాడి గొంతులో ముల్లులా ఉండిపోయింది.

వాళ్ల మఠంలో ఓ ఆనవాయితీ ఉంది. ఏటా చలి తగ్గగానే గురువు మల్లారాధ్యులు శిష్యుల్ని వెంటబెట్టుకుని ముక్కంటి కొండెక్కుతారు. దారిలో కూర్చునే ఆసనం ఎవరిది వాళ్లే చేసుకోవాలి, ఎవరిది వాళ్లే మోసుకోవాలి. చివరి ఏటవాలు మొదట్లో గురువు ఒక్కొక్కరి కాళ్లూ చూస్తారు. మోకాళ్లు వణికాయా, వాడి యాత్ర అక్కడితో సరి. పోయినేడు గురవప్ప టేకు పీట చేసుకొచ్చాడు. మంచి పీటే, పెళ్లిపీటంత! దాన్ని మోసీ మోసీ కాళ్లు పీక్కుపోయి, ఏటవాలు దగ్గర చతికిలబడ్డాడు.

ఈసారి తెలివిగా ఆలోచించాడు. పాదు మీదే ఎండిన బీరకాయలు కోసుకొచ్చి, గింజలు దులిపి, పీచు నానబెట్టి, బండకింద పలకల్లా అణిచాడు. ఆ పలకల్ని ఉతికిన పాత పంచెలో పరిచి, బొంత కుట్టినట్టు దగ్గర దగ్గరగా కుట్టాడు. అంచుకు ఎర్రదారం కూడా వేశాడు. అబ్బ, ఏం కుదిరిందని! చిటికెన వేలికి తగిలించుకుని కొండెక్కేయొచ్చు.

మొదటి మజిలీలో అందరూ గోనెపట్టాలు పరుచుకుని కూలబడ్డారు. గురవప్ప మాత్రం తోటి శిష్యుడి దగ్గరికి పోయాడు.

“ఎత్తి చూడు నాగలింగా. చేతిలో ఉన్నట్టే లేదు కదూ?”

“బాగుందన్నా. ముందు కూర్చో,” అన్నాడు నాగలింగం.

కూర్చుందామనే చూశాడు. ఒకచోట బురద, ఒకచోట చీమలు. ఇంకోచోట గచ్చముళ్లు, కుట్టు తెగుతుందేమోనని భయం. శుభ్రమైన బండ కనబడేసరికి అందరూ లేచి మూటలు భుజాన వేసుకున్నారు. తర్వాతి మజిలీలోనూ అదే వరస.

“నేలంతా వెతుకుతున్నావు, ఏం పారేసుకున్నావన్నా?” అని నవ్వాడు నాగలింగం. గురవప్పకు ఒళ్లు మండింది.

మధ్యాహ్నానికి ఏటవాలు మొదట్లోకి చేరారు. అక్కడి ఊట వల్ల నేలంతా చిత్తడి. గురువు రాళ్లు పేర్చి పొయ్యి వెలిగించి, గంజి కాచడం మొదలుపెట్టారు. గురవప్ప ఆసనాన్ని చంకన పెట్టుకుని నిలబడే ఉన్నాడు. అంతలో వాడి మోకాళ్లు వణికాయి. పంచె కిందికి లాక్కుని దాచబోయాడు కానీ, గురువు చూడనే చూశారు.

వాడికి ఏడుపొక్కటే తక్కువ.

“స్వామీ, ఈసారి బరువేమీ మొయ్యలేదు. ఈ ఏడు కూడా వెనక్కి పంపకండి.”

గురువు వాడి చంకలోని ఆసనం వైపు చూశారు. “ఏదీ, అదిట్లా ఇయ్యి,” అని చెయ్యి చాచారు.

స్వామివారే కూర్చుంటారు కాబోలు, ఇంతకన్నా ఏం కావాలి అనుకుని, గురవప్ప మురిసిపోతూ రెండు చేతులా అందించాడు.

గురువు దాన్ని మడిచి, మరుగుతున్న గంజికుండ మెడకు చుట్టి పట్టుకుని పొయ్యి మీంచి దించారు. తర్వాత మడత విప్పి బురదలో పరిచి, పైపంచె కొసతో కుండ పట్టుకుని దాని మీదే పెట్టారు. గంజి తొణికి ఎర్రంచు మీదుగా కారింది.

“అయ్యో స్వామీ!”

గురువు అందరికీ ముంతల్లో గంజి పోశారు. అయ్యాక కుండ పక్కకు జరిపారు. ఆసనం నట్టనడుమ గుండ్రంగా మసి. ఈసారి నాగలింగం కూడా నవ్వలేదు.

గురువు దాన్ని ఓసారి దులిపి, గురవప్ప కాళ్ల దగ్గర ఆ చిత్తడిలోనే పరిచారు. గంజిముంత చేతికిచ్చారు.

“ఇంక పాడవడానికేం మిగల్లేదు. కూర్చో. నీ కాళ్లు తేరుకున్నాకే బయల్దేరదాం.”

గురవప్ప వంగి ఆ మసిమరకను వేలితో ఓసారి రుద్ది చూశాడు. తర్వాత దాని మీదే కూర్చున్నాడు.

మెత్తగానే ఉంది.